తాకట్టు పెట్టిన కప్పు, నిండిన వెంబ్లీ

2019 మార్చి 31న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఒక ఫుట్‌బాల్ ఫైనల్‌కు 85,021 మంది వచ్చారు. ఆడింది లివర్‌పూల్ కాదు, మాంచెస్టర్ జట్లు అంతకన్నా కాదు. పోర్ట్స్‌మత్, సండర్లాండ్. అప్పటికి రెండూ ఇంగ్లండ్‌లో మూడో శ్రేణి లీగులో ఆడుతున్న క్లబ్బులు. వాటి మధ్య ఉన్న కప్పు పేరు ఈఎఫ్ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) ట్రోఫీ. 1983-84లో మూడు, నాలుగు శ్రేణుల క్లబ్బుల కోసమే మొదలుపెట్టిన పోటీ ఇది. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతుంది: ఒకప్పుడు వ్యాన్ల కంపెనీ పేరు, తర్వాత రంగుల కంపెనీ పేరు, ఆ తర్వాత పిజ్జాల కంపెనీ పేరు. ఇదే పోటీలో తొలి దశ మ్యాచ్‌లు చలి మొదలయ్యే రోజుల్లో, వారం మధ్యలో, రాత్రిపూట జరుగుతాయి. వాటిలో కొన్నింటికి వచ్చే ప్రేక్షకులు వందల్లోనే ఉంటారు. గోల్‌కీపర్ అరుపులు టీవీలో స్పష్టంగా వినిపిస్తాయి.

చిన్న కప్పుల గురించి వాదించేవాళ్లు ఈ రెండు దృశ్యాల్లో తమకు పనికొచ్చేదాన్నే ముందుకు తెస్తారు. వరంగల్, హనుమకొండల్లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌ను రాత్రిళ్లు మేలుకొని చూసే యువకుల మధ్య కూడా ఈ వాదన నడుస్తుంటుంది. ఒకరు ఖాళీ గ్యాలరీల ఫొటో చూపించి ‘ఇలాంటి పోటీలు రద్దు చేస్తే పోలేదా’ అంటారు. మరొకరు నిండిన వెంబ్లీని చూపించి ‘ఆటంటే ఇదీ’ అంటారు. ఇద్దరూ కప్పునే చూస్తున్నారు. నా దృష్టిలో అసలు చూడవలసింది, కప్పు లేని రోజుల్లో ఆ క్లబ్బు ఏం చేస్తుందన్నది. ఆ సంగతి తేలితే ఇంగ్లండ్ చిక్కుముడితో పాటు మన ఉత్తర తెలంగాణలో ఫుట్‌బాల్ టోర్నీల దగ్గరే ఎందుకు ఆగిపోతోందో కూడా కొంత తెలుస్తుంది.

పదిహేడు క్లబ్బుల సమస్య

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు మరుసటి ఏడు కూడా ఐపీఎల్‌లోనే ఆడుతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. పైన ప్రీమియర్ లీగ్, అందులో 20 క్లబ్బులు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కొక్కదానిలో 24. వాటికి దిగువన ఇంకా ప్రాంతీయ లీగులు, పట్టణాల లీగులు, చివరికి ఊళ్ల లీగులు. ఏటా పైవరసలో నిలిచినవి ఒక మెట్టు ఎక్కుతాయి, అడుగున నిలిచినవి ఒక మెట్టు దిగుతాయి.

లీగ్ వన్ లెక్క చూడండి. ఒక్కో క్లబ్బు 46 మ్యాచ్‌లు ఆడుతుంది. చివరికి మూడు పైకి వెళ్తాయి, నాలుగు కిందికి దిగుతాయి. మిగిలిన 17 క్లబ్బులు ఆగస్టు నుంచి మే దాకా చెమటోడ్చి ఎక్కడ మొదలుపెట్టాయో అక్కడే ఉంటాయి. లీగ్ టూలో నాలుగు పైకి, రెండు కిందికి, 18 ఉన్నచోటే. పదో స్థానంలో నిలిచారా, పన్నెండో స్థానంలోనా అన్నది పదేళ్ల తర్వాత ఆ ఊరివాళ్లకే గుర్తుండదు. లీగు క్లబ్బులను బలాబలాల వరుసలో నిలబెడుతుంది. ఆ పని అది నిజాయితీగానే చేస్తుంది. కానీ ఎక్కువ క్లబ్బులకు ఆ ఏడాది గురించి చెప్పుకోవడానికి కథ అంటూ ఏమీ మిగలదు.

మరి పెద్ద కప్పులు ఉన్నాయి కదా? 1871-72 నుంచి నడుస్తున్న ఎఫ్ఏ కప్‌లో ఊరి జట్టు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే అందులో చిన్న క్లబ్బు గెలవాలని కోరుకోదు; ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీల్లో పెద్ద క్లబ్బు పేరు రావాలని కోరుకుంటుంది. 2005 జనవరిలో ఎక్సెటర్ సిటీకి అలాంటి చీటీ వచ్చింది. అప్పటికి అది పై నాలుగు లీగుల మెట్ల నుంచి జారిపోయి, అప్పుల్లో మునిగి, అభిమానుల ట్రస్టు చేతుల్లోకి వచ్చిన క్లబ్బు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో నిలువరించింది. దాంతో రెండో మ్యాచ్ ఎక్సెటర్‌లో ఆడవలసి వచ్చింది. ఆ మ్యాచ్‌ 2-0తో ఓడింది, అయినా రెండు మ్యాచ్‌ల రాబడి ఆ క్లబ్బు అప్పులు తీర్చడానికి అక్కరకొచ్చింది. 2021 జనవరిలో ఎనిమిదో శ్రేణి క్లబ్బు మరీన్‌కు టోటెన్‌హామ్ ఎదురైంది. కొవిడ్ వల్ల మైదానంలోకి ఎవరినీ రానివ్వలేదు. కూర్చోవడానికి వీల్లేని మ్యాచ్‌కు పది పౌండ్ల చొప్పున ‘ఊహా టికెట్లు’ అమ్మితే 30,000కు పైగా అమ్ముడయ్యాయి. జట్టు 0-5తో ఓడింది, క్లబ్బు మాత్రం బతికి బట్టకట్టింది.

ఇది లాటరీ. తగిలినవాళ్లకు తగులుతుంది. పైగా 2024-25 నుంచి ఎఫ్ఏ కప్ ప్రధాన దశలో మ్యాచ్ డ్రా అయితే మళ్లీ ఆడే పద్ధతిని ఎత్తేశారు. పెద్ద క్లబ్బుల క్యాలెండర్ కిక్కిరిసిపోయిందన్నది కారణం. అంటే నేడు ఎక్సెటర్ లాంటి జట్టు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 90 నిమిషాలు నిలబడినా అదనపు సమయం, పెనాల్టీలు, ఇంటికి. సొంతూళ్లో రెండో మ్యాచ్ లేదు, దాని రాబడీ లేదు.

చిన్న కప్పు చేసే పని వేరు. అందులో ఎదుటి జట్టు కూడా మనలాంటిదే. గెలవడం అనేది నిజంగా సాధ్యమయ్యే ఏకైక పోటీ అది. ఉన్నచోటే ఉండిపోయే ఆ 17 క్లబ్బుల్లో ఒకదానికి ఏప్రిల్ నెలలో వెంబ్లీకి బస్సులు మాట్లాడుకునే అవకాశం వస్తుంది.

డబ్బు సంగతి

దీన్ని త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే డబ్బు పెద్దగా లేదు. ఇటీవలి సీజన్లలో ఈఎఫ్ఎల్ ట్రోఫీ తొలి దశలో ఒక మ్యాచ్ గెలిస్తే 10,000 పౌండ్లు, కప్పు గెలిస్తే లక్ష పౌండ్లు. మన లెక్కలో లక్ష పౌండ్లంటే కోటి రూపాయల పైమాటే కాబట్టి గొప్పగా కనిపిస్తుంది. ఇరవై, ముప్ఫై మంది ఆటగాళ్లకు జీతాలిచ్చే క్లబ్బుకు అది కొద్ది వారాల గాసం. ఖాళీ గ్యాలరీల మ్యాచ్‌కైనా లైట్లు వెయ్యాలి, గేట్ల దగ్గర మనుషుల్ని పెట్టాలి, అంబులెన్సును సిద్ధంగా ఉంచాలి. ఫైనల్‌కు చేరితే తప్ప చెప్పుకోదగ్గ రాబడి లేదు.

‘కప్పులో బాగా ఆడితే క్లబ్బు నిలదొక్కుకుంటుంది’ అనేవాళ్లకు బరీ సంగతి చెప్పాలి. 1885లో పుట్టిన క్లబ్బు, 1900లోను 1903లోను ఎఫ్ఏ కప్ గెలిచింది. 2018-19లో ఈఎఫ్ఎల్ ట్రోఫీ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అదే సీజన్‌లో లీగ్ టూ నుంచి పై మెట్టు కూడా ఎక్కింది. మైదానంలో అంతకన్నా మంచి ఏడాది ఏముంటుంది? లెక్కల పుస్తకం మాత్రం ఎప్పుడో చిరిగిపోయింది. అప్పులు తీర్చలేక, కొనేవాళ్లు దొరకక 2019 ఆగస్టులో లీగు నుంచి బహిష్కరణకు గురైంది. సెమీఫైనల్ ఆడిన ఆరు నెలలకు క్లబ్బుకు లీగే లేకుండా పోయింది.

వెంబ్లీకి వచ్చిన ఆ అదనపు జనం ఎవరు?

2008-09లో ల్యూటన్ టౌన్ పరిస్థితి ఇది: ఆర్థిక అవకతవకల కారణంగా సీజన్ మొదలయ్యేసరికే 30 పాయింట్ల కోత. అంటే పది విజయాలు సాధిస్తే సున్నాకు చేరుకుంటారు. ఆ లీగులో మిగలడం అసాధ్యమని ఊరందరికీ తెలుసు. 2009 ఏప్రిల్ 5న వెంబ్లీలో అదే చిన్న కప్పు ఫైనల్‌లో స్కంథార్ప్‌ను అదనపు సమయంలో 3-2తో ఓడించారు. చూడటానికి వచ్చిన 55,378 మందిలో దాదాపు 40,000 మంది ల్యూటన్ వాళ్లే. కొద్ది రోజులకే జట్టు లీగ్ టూ నుంచి కిందికి దిగిపోయింది. మరుసటి ఏడు ఆ కప్పును నిలబెట్టుకునే అర్హత కూడా లేదు, ఎందుకంటే అది మూడు, నాలుగు శ్రేణుల క్లబ్బుల కప్పు, వీళ్లు అప్పటికి ఐదో శ్రేణిలో!

2017లో కోవెంట్రీ సిటీ కథ కూడా ఇంచుమించు ఇదే. యజమానుల మీద అభిమానులు తిరగబడిన రోజులవి. అంతకు కొన్నేళ్ల ముందు జట్టు సొంతూళ్లో ఆడే చోటు లేక ఒక సీజన్ మొత్తం వేరే పట్టణంలో ఆడింది. లీగు మ్యాచ్‌లకు వచ్చేవాళ్లు సగటున పదివేల లోపు. ఏప్రిల్ 2న ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించిన ఫైనల్‌కు మాత్రం కోవెంట్రీ నుంచి 40,000కు పైగా వెళ్లారు. ఆ నెలలోనే లీగ్ టూకు జారిపోయారు.

ఆ అదనపు ముప్ఫై వేల మంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? ప్రతి క్లబ్బు చుట్టూ కనిపించని జనం కొందరుంటారు. ఉద్యోగం కోసం ఊరు విడిచినవాళ్లు, యజమాని మీద కోపంతో రావడం మానేసినవాళ్లు, చిన్నప్పుడు తండ్రి వెంట వచ్చి తర్వాత మరిచినవాళ్లు, టికెట్ ధర భరించలేక మానుకున్నవాళ్లు. లీగు మ్యాచ్ వాళ్లను కదిలించలేదు. ఒక్కరోజు పండుగ కదిలిస్తుంది. మన దగ్గర మేడారం జాతరకు రెండేళ్లకోసారి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి కలిసినట్టు, తమ జట్టు ఫైనల్‌కు వచ్చిందంటే చెదిరిన ఊరంతా ఒకచోట చేరుతుంది. క్లబ్బును నడిపేవాళ్లకు ఇది కళ్ల ముందు తేలిన లెక్క: మా ఊళ్లో ఇంకా ఇంతమంది మావాళ్లున్నారు. ల్యూటన్ 2014లో మళ్లీ లీగ్ టూలోకి వచ్చింది, 2023లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. ఆ చోటు కోసం జరిగిన చాంపియన్‌షిప్ ప్లేఆఫ్ ఫైనల్‌లో వెంబ్లీలో ఎదురైంది ఎవరు? కోవెంట్రీ. ఆరేళ్ల ముందు చిన్న కప్పు చేతబట్టుకొని నాలుగో శ్రేణిలోకి దిగిన జట్టు.

కప్పు గెలిచినందువల్లే ఇదంతా జరిగిందని నేననను. క్లబ్బుల యాజమాన్యాలు మారాయి, కోచ్‌లు కుదిరారు, ఆటగాళ్ల ఎంపిక తెలివిగా సాగింది. కానీ ఈ రెండు క్లబ్బులూ 1880లలో పుట్టినవి. శతాబ్దం దాటి వారం వారం ఆడుతూ ఉండబట్టే, ఒకరోజు పిలిస్తే 40,000 మంది పలికారు. నిన్నగాక మొన్న పుట్టిన జట్టుకు ఎంత పెద్ద కప్పు ఇచ్చినా ఆ జనం రారు.

బొగ్గుబావుల ఊరు, నలభై పౌండ్లు

చిన్న కప్పు గురించి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి కథ ఇంగ్లండ్ ఈశాన్య మూలన, డరమ్ బొగ్గు ప్రాంతంలోని వెస్ట్ ఆక్లండ్ అనే ఊరిది. గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో పెరిగినవాళ్లకు ఇది మరీ దగ్గరగా అనిపిస్తుంది.

టీ వ్యాపారంతో కోట్లు గడించిన థామస్ లిప్టన్ 1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో వివిధ దేశాల జట్ల మధ్య ఒక కప్పు పెట్టించాడు. ప్రపంచ కప్ పుట్టడానికి ఇంకా 21 ఏళ్లుంది. ఇంగ్లండ్ తరఫున వెళ్లింది వెస్ట్ ఆక్లండ్, గనుల్లో పనిచేసేవాళ్ల జట్టు. వాళ్లనే ఎందుకు పిలిచారన్నదాని మీద పుట్టిన కథలు అనేకం. ఆ క్లబ్బు పొడి అక్షరాలు (డబ్ల్యూ.ఏ.) చూసి, అప్పట్లో వూలిచ్ ఆర్సెనల్ అని పిలిచే ఆర్సెనల్‌కు పోవలసిన ఉత్తరం దారి తప్పిందన్నది వాటిలో జనం ఎక్కువగా ఇష్టపడేది. ఫైనల్‌లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌థర్‌ను 2-0తో ఓడించారు. 1911లో మళ్లీ వెళ్లారు. ఈసారి ఫైనల్‌లో యువెంటస్‌ను 6-1తో చిత్తు చేశారు. అవును, ఆ యువెంటస్‌నే. రెండుసార్లు గెలిచారు కాబట్టి కప్పు శాశ్వతంగా వాళ్లదైంది.

ఇంటికొచ్చాక చూసుకుంటే ప్రయాణాల అప్పు మిగిలింది. తీర్చే దారి లేక, క్లబ్బు కార్యాలయంగా వాడుకునే హోటల్ యజమానురాలి దగ్గర ఆ కప్పునే 40 పౌండ్లకు తాకట్టు పెట్టారు. విడిపించుకోవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. 1960లో ఊరివాళ్లు చందాలు వేసుకొని 100 పౌండ్లిచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. 1994లో దొంగలు ఎత్తుకుపోయారు. ఇప్పుడున్నది నకలు.

ఖర్చు వైపు నుంచి ఈ కథను చదవాలి. కప్పు పోటీలో ఎంత ముందుకు వెళితే అంత ప్రయాణం. బహుమతి ఫైనల్లో వస్తుంది, బస్సు కిరాయి మొదటి మ్యాచ్ నుంచే కట్టాలి. ఇదే ప్రాంతం వందేళ్ల తర్వాత ఇంకో విధంగా లెక్క వేసుకుంది. ఇంగ్లండ్‌లో తొమ్మిదో, పదో శ్రేణి క్లబ్బుల కోసం ఎఫ్ఏ వేజ్ అనే కప్పు 1974-75 నుంచి జరుగుతోంది. ఫైనల్ వెంబ్లీలోనే. 2009 నుంచి 2017 వరకు జరిగిన తొమ్మిది ఫైనళ్లలో ఎనిమిదింటిని నార్తర్న్ లీగ్ అనే ఒకే ప్రాంతీయ లీగు జట్లు గెలుచుకున్నాయి: విట్లీ బే వరుసగా మూడుసార్లు, తర్వాత డన్‌స్టన్, స్పెన్నీమూర్, నార్త్ షీల్డ్స్, మోర్పెత్, సౌత్ షీల్డ్స్. ఒక్క మూలకే ఇంత ప్రతిభ ఎలా వచ్చింది? ఆ జట్లలో చాలావాటికి పై మెట్టు ఎక్కే సత్తా ఉన్నా ఎక్కడానికి ఇష్టపడలేదు. పైకి వెళితే మ్యాచ్‌లు వందల మైళ్ల దూరంలో పడతాయి. పగలు ఉద్యోగం చేసుకొని సాయంత్రం ఆడేవాళ్లకు, గేటు రాబడి నామమాత్రమైన క్లబ్బులకు అది మోయలేని బరువు. కాబట్టి బలమైన జట్లు తమ శ్రేణికి మించిన సత్తాతో అక్కడే ఉండిపోయాయి. పక్క ఊళ్లతో లీగు, ఏడాదికోసారి దేశమంతటితో వేజ్ కప్పు. ప్రతివారం చవగ్గా ఆడి, ఒక్క పోటీలో పెద్ద కల కన్నారు. ఆ తర్వాత స్పెన్నీమూర్, సౌత్ షీల్డ్స్ లాంటివి డబ్బు సమకూరాక మెట్లెక్కాయి.

నార్తర్న్ లీగ్ ఊళ్లలో ఇప్పుడు బొగ్గుబావులు లేవు. గనులు మూతపడ్డా క్లబ్బులు మిగిలాయి. ఈ ఒక్క వాక్యం మన సింగరేణి ప్రాంతంలో ఎవరైనా ఆలోచించదగ్గది.

కప్పు ఎవరిది అన్న గొడవ

2016-17లో ఈఎఫ్ఎల్ ట్రోఫీ స్వరూపం మార్చారు. 48 క్లబ్బులకు తోడు పెద్ద క్లబ్బుల అకాడమీ జట్లు 16 చేర్చారు. మొత్తం 64, నాలుగేసి జట్ల గ్రూపులు పదహారు, ప్రతి గ్రూపులో ఒక అకాడమీ జట్టు. కుర్రాళ్లకు పెద్దవాళ్లతో ఆడిన అనుభవం వస్తుంది, ఇంగ్లండ్ జాతీయ జట్టు బాగుపడుతుంది అన్నారు. బహుమతి నిధికి పైనుంచి కొంత డబ్బూ చేరింది.

అభిమానులు మండిపడ్డారు. కారణం తెలుసుకోవాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 2014లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు గ్రెగ్ డైక్, పెద్ద క్లబ్బుల రెండో జట్లను కొత్త లీగులో చేర్చాలని ప్రతిపాదించి ఎదురుదెబ్బ తిన్నాడు. ఇప్పుడు కప్పులో చోటిచ్చారు, రేపు లీగులో ఇస్తారు. అప్పుడు వందేళ్ల చరిత్ర ఉన్న మా జట్టు ఎవరిదో రిజర్వు జట్టుకు సమానమవుతుంది. ఇదీ వాళ్ల భయం. మ్యాచ్‌లను బహిష్కరించారు. క్లబ్బులు కూడా మనస్ఫూర్తిగా ఆడలేదు. పూర్తి స్థాయి జట్టును దించలేదని మొత్తం 12 క్లబ్బులకు జరిమానాలు పడ్డాయి. ల్యూటన్, పోర్ట్స్‌మత్ 15,000 పౌండ్ల చొప్పున కట్టాయి. బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఇంకో ఉపాయం కనిపెట్టింది. నిబంధన ప్రకారం ప్రధాన గోల్‌కీపర్‌ను దింపి, మూడో నిమిషంలోనే వెనక్కి పిలిచి రెండో గోల్‌కీపర్‌ను పంపింది. చట్టం పాటించినట్టూ అయింది, వెక్కిరించినట్టూ అయింది. మన కార్యాలయాల్లో ఆడిట్ రోజున హాజరు పట్టికలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇక్కడ నేను అభిమానుల పక్షమే. కుర్రాళ్లకు అనుభవం కావాలంటే వాళ్లను చిన్న క్లబ్బులకు అరువిచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చిన్నవాళ్ల పండుగను పెద్దవాళ్ల శిక్షణ శిబిరంగా మార్చడం వేరు. అయితే ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. బహిష్కరణ ఉధృతంగా ఉన్న ఆ తొలి సీజన్‌లోనే కోవెంట్రీ ఫైనల్‌కు 74,434 మంది వచ్చారు. శరదృతువులో సిద్ధాంతం గెలిచింది, వసంతంలో ఊరి మీద ప్రేమ గెలిచింది. 2025 వరకు జరిగిన ఫైనళ్లలో ఒక్క అకాడమీ జట్టూ లేకపోవడం వల్ల ఆ గొడవకు అసలు పరీక్ష ఇంకా ఎదురుకాలేదు. చెల్సీ కుర్రాళ్లు 2018లో సెమీఫైనల్ దాకా వచ్చి పెనాల్టీల్లో లింకన్ సిటీ చేతిలో ఓడారు. గెలిచి ఉంటే వెంబ్లీలో సగం ఖాళీగా ఉండేది.

కప్పులున్నాయి, లీగు ఏది?

ఇంగ్లండ్‌లో లీగు అన్నం, కప్పు పండుగ పూట పాయసం. మన దేశంలో ఫుట్‌బాల్ పాయసంతోనే పెరిగింది. డ్యురాండ్ కప్ 1888లో, రోవర్స్ కప్ 1891లో మొదలయ్యాయి. జాతీయ స్థాయి లీగు వచ్చింది 1996లో. శతాబ్దానికి పైగా జాతీయ స్థాయిలో మన ఫుట్‌బాల్ అంటే కప్పులే. ఆ కప్పుల కాలంలో హైదరాబాద్ వెలిగిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు కోచ్ రహీమే. వాటిలో ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చినవాడు.

ఆ వెలుగు ఎందుకు నిలవలేదు? 1963లో రహీం మరణం, మంచి ఆటగాళ్లు కలకత్తాకు తరలిపోవడం వంటి కారణాలు చెబుతారు. నిజమే. కానీ ఇంకొకటి ఉంది. ఆ జట్లు శాఖలవి. పోలీసు జట్టు పోలీసు శాఖది, రైల్వే జట్టు రైల్వేది. ఆటగాడు ఉద్యోగి, జట్టు కొలువు. శాఖ క్రీడా నియామకాలు తగ్గించుకుంటే జట్టు తగ్గిపోతుంది. అడగడానికి ఊరికి హక్కు లేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఊరిది కాదు. తాకట్టు పెట్టిన కప్పును యాభై ఏళ్లకు విడిపించుకోవడానికి వెస్ట్ ఆక్లండ్‌కు ఒక ఊరుంది. రోవర్స్ కప్ ఈ శతాబ్దం మొదట్లో ఆగిపోయినప్పుడు దానితో పాటు ఆ జ్ఞాపకాలూ ఆగిపోయాయి.

లీగు వచ్చినంత మాత్రాన పనైపోదని కూడా హైదరాబాదే చూపించింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో దేశంలోని పై శ్రేణి లీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతగా నిలిచింది. మూడున్నరేళ్లకు ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు నగరంలో శ్రీనిధి డెక్కన్ ఉంది, దాని కింది శ్రేణి ఐ-లీగ్‌లో 2022-23లోను 2023-24లోను రెండో స్థానంలో నిలిచింది. మరోవైపు 2025 డ్యురాండ్ కప్‌లో పశ్చిమ బెంగాల్ క్లబ్బు డైమండ్ హార్బర్, పుట్టి మూడేళ్లే అయినా, సెమీఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఓడించింది. ఫైనల్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6-1తో ఓడినా దేశమంతా ఆ పేరు విన్నది. ఆ క్లబ్బు కప్పు కోసం పోగైన జట్టు కాదు. కింది లీగులో వారం వారం ఆడి ఐ-లీగ్‌కు ఎక్కిన జట్టు. చిన్న క్లబ్బుకు కప్పు ఏం చేయగలదో మన దేశంలోనే చూడాలంటే ఇదే ఉదాహరణ.

ఉత్తర తెలంగాణకు వస్తే టోర్నీలకు కొదవ లేదు. సంక్రాంతి సెలవుల్లో ఊరూరా క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, అక్కడక్కడ ఫుట్‌బాల్. ఎవరో ఒకరి జ్ఞాపకార్థం షీల్డు, షామియానా, ఎంట్రీ ఫీజు, ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే. సింగరేణిలో కార్మికుల కోసం ప్రత్యేకంగా క్రీడా సంఘమే ఉంది. ప్రభుత్వం సీఎం కప్ పేరుతో కింది స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా పోటీలు పెడుతోంది. ప్రతిభ లేదా అంటే, నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి, 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. దేశంలో ఆమెకు పేరు తెచ్చిన క్లబ్బులు ఇతర రాష్ట్రాలవే.

ఒక చిన్న లెక్క వేయండి. 16 జట్లతో నాకౌట్ టోర్నీ పెడితే మొత్తం 15 మ్యాచ్‌లు. ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటిదారి పడతాయి. కాగజ్‌నగర్ నుంచి హనుమకొండకు వచ్చిన కుర్రాడు మొదటి మ్యాచ్ ఓడితే, మళ్లీ బూట్లు కట్టేది వచ్చే ఏడాదే. అందుకే మన టోర్నీల కోసం జట్లు వారం ముందు పుడతాయి, ఫైనల్ రాత్రి చెదిరిపోతాయి. బహుమతి సొమ్ము పంచుకోవడంతో జట్టు ఆయుష్షు తీరిపోతుంది. జెర్సీల మీద స్పాన్సర్ పేరు ఉంటుంది, ఊరి పేరు ఉండదు.

అదే ఎనిమిది జట్లతో, సొంతూళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి చొప్పున లీగు పెడితే 56 మ్యాచ్‌లు. ప్రతి జట్టుకు 14, వాటిలో ఏడు సొంత మైదానంలో. ఇక్కడ నార్తర్న్ లీగ్ వాళ్ల బస్సు లెక్క పనికొస్తుంది. కాజీపేట నుంచి ఉత్తరంగా పోయే రైలు మార్గం మీదే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ వరుసగా ఉన్నాయి. కరీంనగర్ పెద్దపల్లి నుంచి పక్కకు తిరిగితే వస్తుంది. ఉదయం రైలెక్కి, ఆడి, రాత్రికి ఇల్లు చేరగలిగిన దూరాలివి. హైదరాబాద్‌కు పోయి హోటల్ గదులు తీసుకోనక్కర్లేదు. ఎనిమిది పట్టణాలకు ఎనిమిది క్లబ్బులు, వర్షాలు తగ్గాక అక్టోబరులో మొదలుపెడితే పరీక్షలలోపు పూర్తవుతుంది.

నాకౌట్ కప్పును తీసెయ్యనక్కర్లేదు. సంక్రాంతి సెలవుల్లో లీగుకు విరామమిచ్చి అవే ఎనిమిది జట్లతో ఆడిస్తే సరిపోతుంది: ఏడు మ్యాచ్‌లు, మూడు రోజులు, ఫైనల్ హనుమకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) మైదానంలో. అప్పటికి మంచిర్యాల జట్టును మంచిర్యాలవాళ్లు నాలుగైదుసార్లు సొంతూళ్లో చూసి ఉంటారు కాబట్టి, ఫైనల్‌కు రైలెక్కడానికి వాళ్లకో కారణం ఉంటుంది. లీగులో ఏడో స్థానంలో ఉన్న జట్టుకు కూడా జనవరి నెల మీద ఆశ ఉంటుంది.

షీల్డు ఇస్తామని ముందుకొచ్చే దాతలు మన దగ్గర ఎప్పుడూ ఉన్నారు. వాళ్లను ఈసారి షీల్డు బదులు, 56 మ్యాచ్‌లకు రిఫరీల భత్యం, ఏడు ప్రయాణాలకు ఒక్కో జట్టు రైలు ఛార్జీలు అడిగి చూడాలి.